తోడేలుతోలు అంగీలో వచ్చినవాడు

చీనావాళ్ళ సరిహద్దు గోడ దగ్గర ఓడిపోయిన యుద్ధం నుంచి హూణుల గుర్రాలు ఒక్కొక్కటే ఇళ్ళకు చేరుతున్నాయి. కొన్ని మనుషులతో, కొన్ని ఖాళీ జీనులతో. యాబగ నాయకుడి గుంపులో ఆడవాళ్ళు ఏ పని చేస్తున్నా కళ్ళు మాత్రం దక్షిణం వైపే. ఒక్క జిలూ మాత్రం అటు చూడటం మానేసింది. చూడనక్కరలేని సంగతి ఆమెకు ముందే తెలిసిపోయింది. సరిహద్దు సంత నుంచి వచ్చిన ఉప్పు అమ్మే ముసలివాడు బావి దగ్గర ఆమె చెవిన వేసిపోయాడు. ఆమె మొగుడు తుగెన్ చావలేదు. చీనావాళ్ళకు లొంగిపోయాడు. జుట్టు వాళ్ళలాగా నడినెత్తిన ముడి వేసుకుని, గోడ అవతల వాళ్ళ గుర్రాలకు గడ్డి వేస్తున్నాడు. ఉప్పువాడు కళ్ళారా చూశాడు.

ఆ మాట బయటికి పొక్కితే ఏమవుతుందో జిలూకి ఒకరు చెప్పనక్కరలేదు. లొంగిపోయిన ఇంకొకడి పెళ్ళాం పిల్లల మెడలకు తాళ్ళు కట్టి, తల్లిని ఒక గుడారానికీ పిల్లల్ని వేరే గుడారాలకూ బానిసలుగా పంచిపెట్టడం ఆమె చూసింది. వాళ్ళలో చిన్నది, అమ్మ ఎటు పోతోందో చూడాలని మెడ తిప్పితే తాడు బిగిసింది. ఆ తర్వాత యాబగ ఇంకో కట్టడి పెట్టాడు. అమావాస్యలోగా మనిషైనా రావాలి, శవమైనా రావాలి, పడిపోతుంటే చూశానని చెప్పే సాక్షి అయినా రావాలి. ఏదీ రాకపోతే ఆ ఇంటి మగవాడు లొంగిపోయినట్టే. ఆ ఇంటికి తాడే.

చంద్రుడు చిక్కిపోతున్న ఆ రోజుల్లో ఒక పొద్దున కుక్కలు మొరిగాయి. దిబ్బ దిగుతున్న మనిషిని చూసి ఎవరో సాలుక్ అన్నారు. సాలుక్ పక్కన గుర్రం మీద కంబళిలో చుట్టిన బరువు ఉంది. ఆ బరువు పేరు గుడారం నుంచి గుడారానికి పాకుతూ చివరికి జిలూ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నాన్న అంట," అంది ఆరేళ్ళ షిరె.

జిలూ గొర్రెతోలు గీకుతున్న చెయ్యి ఆపలేదు. ఆపితే లేవాలి. లేస్తే ఎదురెళ్ళాలి. ఎదురెళ్ళి ఏం చూడాలో ఆమెకు తెలియదు. ఉప్పువాడు అబద్ధమాడాడా? ముసలివాడు, చూపు ఆనదేమో. చచ్చినవాణ్ణి బతికున్నాడని నమ్మి ఇన్ని రోజులూ కడుపునిండా తిని పడుకున్నానా అనుకుంది. ఆ తలపు రాగానే కాళ్ళు వాటంతట అవే లేచాయి.

సాలుక్ గుర్రం ఎక్కి రాలేదు, పక్కన నడిచి వచ్చాడు. ఒక్క గుర్రం ఇద్దరిని మొయ్యలేక, బతికినవాడే దిగి నడిచాడు. ముఖం మంచుకి కమిలి నల్లగా పొక్కిపోయింది. ఒక కాలికి చెప్పు లేదు, గుడ్డ చుట్టుకున్నాడు. గుంపులో అతనంత లేనివాడు ఇంకొకడు లేడు. పెద్దలు చనిపోయాక తమ్ముడూ తానూ గుంపులోవాళ్ళ గొర్రెలు కాచి పొట్ట పోసుకున్నారు. అలాంటివాడు ఇవాళ గుంపు మధ్యకు వస్తుంటే మగవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. యుద్ధంలో పడినవాణ్ణి శత్రువుకు వదలకుండా ఇంటికి మోసుకొచ్చినవాడికి ఆ చనిపోయినవాడి మందలన్నీ చెందుతాయి. తాతలనాటి కట్టుబాటు అది. తుగెన్ మంద చిన్నదేమీ కాదు.

"నిన్నటిదాకా మేకపిల్ల లేనోడు," అని వెనక నుంచి ఒకామె గొణిగింది. "వాడి కాలు చూడవే ముందు, తర్వాత కుళ్ళుకుందువుగాని," అని ఇంకొకామె కసిరింది.

అందరికంటే ముందుకు వచ్చి నిలబడింది బర్గూ అవ్వ. తిరిగొచ్చిన ప్రతివాణ్ణీ ఆమె అడిగేది ఒక్కటే మాట. ఆమె కొడుకు దెబిర్, తుగెన్ వెంటే యుద్ధానికి పోయాడు. మీసం సరిగ్గా మొలవని పిల్లవాడు. ఇంట్లో ఒక ముసలి ఆడగుర్రం తప్ప ఏమీ లేదు. విల్లు పట్టడం నేర్పింది తుగెనే.

"నాయనా సాలుక్, మావాడు కనపడ్డాడా?"

సాలుక్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. చాలామంది చెల్లాచెదరయ్యారనీ, కొందరు కాలినడకన వస్తున్నారనీ, దెబిర్ కుర్రవాడు కాబట్టి ఎలాగో వచ్చేస్తాడనీ చెప్పాడు. అమావాస్య ఇంకెన్ని రోజులో అవ్వ అడగలేదు, అతను చెప్పలేదు. నాయకుడు యాబగ వచ్చాక మాటలు ఆగిపోయాయి.

కంబళి దించి గుడారం ముందు పరిచారు. ఇక చెయ్యవలసింది జిలూ. ఇంటి ఆడది కంబళి ఎత్తి చూడాలి. చూసి, అతని రొమ్ము మీద చెయ్యి పెట్టి, 'మా గుడారం మనిషే' అని పదిమంది ఎదుట చెప్పాలి. అలా చెబితేనే చావు చావవుతుంది. మంద చేతులు మారేది కూడా అప్పుడే.

జిలూ మోకాళ్ళ మీద కూర్చుని కంబళి ఎత్తింది. మొదట కనిపించింది తోడేలుతోలు అంగీ. తుగెన్ వేటాడి తెచ్చిన తోళ్ళతో ఒక చలికాలమంతా కూర్చుని కుట్టింది ఆమే. భుజం దగ్గర బూడిదరంగు తోలు చాలక ఎర్రటి నక్కతోలు ముక్క వేసి అతికింది. ఆ ముక్కను చూసే తుగెన్‌ను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టేవాళ్ళు. అంగీ చూడగానే ఆమె కడుపులోంచి ఒక మూలుగు వచ్చింది. ఉప్పువాడు అబద్ధమాడాడు, నా మొగుడు చచ్చిపోయాడు అనుకుంది. ఆ క్షణంలో ఆమె నిజంగానే విధవ అయింది. ఆ ఏడుపులో నటన ఏమీ లేదు.

ముఖం చూడటానికి లేదు. గుర్రాలు తొక్కాయని సాలుక్ మెల్లగా చెప్పాడు, చూడొద్దు వదినా అన్నాడు. ఆమె చూసింది. ముక్కు, నుదురు, దవడ ఏవీ లేవు. చలికి బిగిసిపోయి నల్లటి మంచుగడ్డలా ఉంది. ఆమె చేతులు అలవాటు కొద్దీ అంగీ చంక కిందికి పోయాయి. రోజూ సాయంత్రం అతను ఇంటికి రాగానే విప్పే ముడి అక్కడే ఉంటుంది.

ముడి తిరగబడి ఉంది.

ఎవరి అంగీ వాళ్ళు కట్టుకుంటే ముడి లోపలికి తిరుగుతుంది. ఎదురుగా కూర్చుని ఇంకొకరు కడితే బయటికి తిరుగుతుంది. షిరెకు ఆమె రోజూ కట్టే ముడి అలాగే ఉంటుంది. ఈ అంగీని ఎవరో ఈ మనిషికి చంటిపిల్లకు తొడిగినట్టు తొడిగి, తాడు చుట్టి కట్టారు. జిలూ ఏడుపు ఆపింది. అంగీ పొడుగాటి చేతుల్లో దాక్కున్న అరచేతిని వేళ్ళతో తడిమింది. చిటికెన వేలి కొస లేదు.

పోయిన వసంతంలో అడవి గుర్రానికి ఉచ్చుతాడు వేయబోయి ఆ వేలి కొస పోగొట్టుకున్నది దెబిర్. నూనె కాచి, బూడిద అద్ది కట్టు కట్టింది జిలూ. నొప్పికి వాడి పెదాలు తెల్లబడిపోయాయి. అయినా నవ్వుతూ, "మా అమ్మకు చెప్పకు వదినా. పుట్టినప్పుడు వేళ్ళు సరిగ్గా లెక్కపెట్టుకోలేదేమో అనుకుంటుంది" అన్నాడు.

ఆ కంబళి మీద ఉన్నది దెబిర్. వాడి తల్లి జిలూ భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. గట్టిగా ఏడువమ్మా, లోపల దాచుకోకు, అని వీపు నిమురుతోంది.

జిలూ తల ఎత్తితే బర్గూ అవ్వ ముఖం కనిపిస్తుంది. దించితే వాడి చెయ్యి కనిపిస్తుంది. ఎటూ చూడలేక ఎదురుగా చూసింది. ఎదురుగా షిరె నిలబడి ఉంది. పిల్ల ఏడవటం లేదు. ఏడవాలా వద్దా అని అమ్మ ముఖం చూస్తోంది.

ఇతను నా మొగుడు కాదు అంటే, నీ మొగుడు ఎక్కడ అని యాబగ అడుగుతాడు. ఆ అంగీ మరొకడి ఒంటి మీదికి ఎలా వచ్చిందని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు ఉంది. ఆ జవాబుకు తాడు ఉంది. నా మొగుడే అంటే, ఈ ముసలామెకు కొడుకు లేడు, శవం లేదు, సాక్షి లేడు. అమావాస్య రాగానే ఆమె మెడకు తాడు పడుతుంది. వచ్చింది ఒక్క శవం. దాని కోసం చూస్తున్నవి రెండు గుడారాలు.

పిల్ల మెడ సన్నగా, మసిపట్టి ఉంది. జిలూ శవం రొమ్ము మీద చెయ్యి పెట్టింది.

"మా గుడారం మనిషే," అంది.

గుంపు ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. బర్గూ అవ్వ అందరికంటే గట్టిగా ఏడ్చింది. తుగెన్ ఎంత మంచివాడో, తన కొడుకును తమ్ముడిలా ఎలా చూసుకున్నాడో చెప్పి చెప్పి ఏడ్చింది.

సాలుక్ కింద కూలబడి ఆమె వైపు జరిగాడు. అతనికి సంతోషంగా లేదు. పాడి గొర్రెలనూ గుడారాన్నీ ముట్టుకోనని చెప్పాడు. పిల్ల ఎక్కే ముసలి గుర్రాన్ని కూడా ఉంచుకోమన్నాడు. జిలూ తల ఊపింది. అతను అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ దారి పొడవునా నోరు విప్పనివాడు ఇప్పుడు ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఉండలేనట్టున్నాడు.

"మా తమ్ముడు కూడా అక్కడే పడ్డాడు వదినా. అన్నకు పక్కనే. ఎంతో దూరం కాదు, ఇదిగో ఇక్కణ్ణుంచి ఆ మేకు దాకా. గుర్రం ఒకటే ఉంది. ఇద్దర్నీ వేసుకుంటే అది పడిపోతది. అంగీ చూశా. తుగెన్ అన్న అని తెలిసింది. వాణ్ణి వదిలేసి అన్నను ఎక్కించుకున్నా." కాలి గుడ్డ సర్దుకున్నాడు. "వాడికి ఏముంది వదినా? వాణ్ణి తెస్తే నాకేం వస్తది? నాకే వాడున్నాడు, వాడికే నేనున్నా. అయినా వదిలేశా. కాకులు అప్పటికే..."

జిలూ అతని చేతిని పట్టుకుంది. అతన్ని ఓదార్చడం కోసం పట్టుకున్నదో, ఇంకొక్క మాట మాట్లాడకుండా ఆపడానికి పట్టుకున్నదో ఆమెకే తెలియదు.

కడగడానికి శవాన్ని లోపలికి తీసుకుపోయారు. ఇంటి ఆడది కడగాలి. ఆమెకు తోడుగా ఆ గుంపులో అందరికంటే ముందు విధవ అయినావిడ ఉండాలి. కడిగాక బయటికి వచ్చి కొత్త విధవకు చెంపలు కోయవలసింది కూడా ఆ పెద్దావిడే. కన్నీళ్ళూ నెత్తురూ కలిసి నేల మీద పడితేనే పోయినవాడికి తోవ దొరుకుతుంది. యాబగ గుంపులో ఆ పెద్దావిడ బర్గూ అవ్వ.

"నేనొక్కదాన్నే కడుక్కుంటానవ్వా. నువ్వు పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు, కూర్చో."

"చాల్లే పిల్లా. నీ చేతులు చూడు ఎలా వణుకుతున్నాయో. మనిషిని కడగటం అంటే గిన్నె కడగటమనుకున్నావా?"

బర్గూ అవ్వ చేతులు పైకి మడుచుకుని కుండ దగ్గర చతికిలబడింది. పాదాల నుంచి మొదలుపెట్టింది. చలికి బిగిసిన కాలి వేళ్ళను రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఊపిరితో వెచ్చచేసి, గుడ్డతో తుడిచింది. తుగెన్ ఇంత సన్నబడ్డాడేమే అంది. యుద్ధంలో తిండి ఎక్కడ దొరుకుతుంది, పాపం గుర్రాల నెత్తురు తాగి బతికుంటారు అని తనే జవాబు చెప్పుకుంది. జిలూ తల దగ్గర కూర్చుని అంగీ అంచులు పట్టుకుంది, ఎవరూ విప్పకూడదన్నట్టు. అవ్వ మోకాళ్ళు కడిగింది. తన మొగుణ్ణి కడిగినప్పటి సంగతి చెప్పింది. అప్పుడు దెబిర్ కడుపులో ఉన్నాడనీ, వంగితే కడుపు అడ్డం వచ్చేదనీ చెప్పింది. చెబుతూ చెబుతూ అంగీ చేతిని పైకి నెట్టి అరచెయ్యి బయటికి తీసింది.

గుడ్డ ఆ చేతి మీద ఒకసారి పోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయి చివరి వేలి దగ్గర ఆగింది.

గుడారం బయట మగవాళ్ళు యాబగతో మందల పంపకం గురించి మాట్లాడుకుంటున్నారు. ఏ గొర్రె ఎక్కడ మేస్తోందో ఎవరో చెబుతున్నారు. బర్గూ అవ్వ ఆ వేలిని చూస్తూ ఉండిపోయింది. తర్వాత మిగిలిన వేళ్ళు కూడా ఒక్కొక్కటే కడిగింది. గోళ్ళ కింద మట్టి తీసింది. చెయ్యి మళ్ళీ అంగీలోకి తోసి సర్దింది.

"నీళ్ళు చల్లారిపోయాయి," అంది. "వేడివి తెచ్చిపెట్టు."

పొయ్యి అక్కడే గుడారం మధ్యలోనే ఉంది. జిలూ కుండ పట్టుకుని లేచి, నీళ్ళు ముంచుకుని వెనక్కి తిరిగేసరికి బర్గూ అవ్వ వాడి తలను ఒడిలోకి తీసుకుంది. ముఖం లేని ఆ తలను గుండెకు ఆనించుకుని, జుట్టులో అట్టకట్టిన నెత్తురును వేళ్ళతో చిదిపి తీస్తోంది. నోరు తెరిచి ఉంది. శబ్దం మాత్రం రావటం లేదు. బయట పదిమంది ఉన్నారని ఆమెకు తెలుసు.

జిలూ నీళ్ళు కింద పెట్టి ఆమె కాళ్ళ దగ్గర కూలిపోయి పాదాలు పట్టుకుంది.

అవ్వ గొంతు వినిపించింది. అది ఆమె గొంతులా లేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"కంబళి ఎత్తినప్పుడే."

"అప్పుడు నేను నీ వీపు నిమురుతున్నా."

"అవునవ్వా."

"తెలిసీ నీవాడన్నావు."

జిలూకి చెప్పడానికి ఉన్నది పిల్ల పేరు ఒక్కటే. ఆ పేరు ఇప్పుడు ఈ తల్లి ముందు ఎత్తడానికి ఆమెకు నోరు రాలేదు.

"నీ మొగుడు బతికున్నాడు," అంది అవ్వ. అది ప్రశ్న కాదు.

జిలూ తల ఊపింది. దక్షిణాన చీనావాళ్ళ గోడ ఉన్న వైపు చూపించింది. అవ్వ అర్థం చేసుకుంది. చాలాసేపు ఆమె చెయ్యి అంగీ భుజం మీది నక్కతోలు ముక్క మీద అటూ ఇటూ తిరిగింది.

"ఇది మీవాడే తొడిగి ఉంటాడు," అంది. "చూడు, నీలాగే కట్టాడు ముడి. పిల్లకు కట్టినట్టు. తన పేరు మావాడికి తగిలించి తప్పుకుందామని తొడిగాడంటావా? లేకపోతే, ఇది ఒంటి మీద లేకపోతే ఈ ముసలిదాని కొడుకు కోసం ఎవడూ గుర్రం ఆపడని తొడిగాడంటావా?"

జిలూకి తెలియదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ రెండిట్లో ఏ పనైనా చెయ్యగలడు. దెబిర్ విల్లు లాగలేక ఏడిస్తే వాణ్ణి భుజాన ఎత్తుకుని తిరిగినవాడు అతనే. మంచులో దారి తప్పినప్పుడు తన ప్రాణం కోసం తోటివాడి గుర్రం తోలుకొచ్చినవాడూ అతనే. ఆ మాటే చెప్పింది. తెలీదవ్వా అంది.

"సాలుక్ సొంత తమ్ముణ్ణి వదిలేశాడట. విన్నాను బయట. వాడికి మంద లేదు కాబట్టి." బర్గూ అవ్వ కొడుకు జుట్టును పాయలు తీసింది. "నాకున్నది ఒక్క ముసలి గుర్రం. మావాడు ఇంటికి వచ్చాడే పిల్లా. నా చేత్తో నేను కడుక్కున్నా. దానికి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీటంలేదు. నీ మొగుడికా?"

"నీ కాళ్ళు పట్టుకుంటానవ్వా."

"పట్టుకున్నావుగా. వదులు. నీళ్ళు పొయ్యి."

ఇద్దరూ కలిసి అంగీ ముడి విప్పి మిగిలినది కడిగారు. జిలూ నీళ్ళు పోసింది, అవ్వ తుడిచింది. రొమ్ము మీద ఒక గాయం ఉంది, వీపున ఒకటి. అవ్వ రెండిటినీ ఒకే రకంగా తుడిచింది. వీపు గాయం దగ్గర మాత్రం, వీడు వెనక్కి తిరిగి పరిగెత్తి ఉంటాడు, చిన్నప్పుడు ఉరుముకే నా ఒడిలో దూరేవాడు అంది. ఎవరికీ చెప్పొద్దు అన్నట్టు వేలు పెదాల మీద పెట్టుకుంది. జిలూ అప్పుడు ఏడ్చింది. తుగెన్ కోసం పొద్దున వచ్చిన ఏడుపు కంటే ఇది వేరు. ఆపుకుందామన్నా ఆగలేదు. ఉరుముకు భయపడే పిల్లవాణ్ణి, వేలు పోతే అమ్మకు చెప్పొద్దన్నవాణ్ణి, మొగుడి పేరు పెట్టి పాతిపెట్టబోతున్నానని ఏడ్చింది.

అంగీ మళ్ళీ తొడిగి, జుట్టు దువ్వి జడ వేశాక అవ్వ లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసి ఒకసారి తూలింది. జిలూ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది.

"అమావాస్యకు నన్ను తీసుకుపోతారు," అంది. "లొంగిపోయినోడి తల్లి అంటారు. అదే పేరు వీడికి కూడా ఉంటది. గొర్రెలు కాసే పిల్లలు కూడా అంటారు, దెబిర్‌గాడు చీనావాళ్ళ గంజి తాగటానికి పోయాడని. నేను వింటూ పిడకలు ఏరుకోవాలి."

"అవ్వా..."

"నువ్వేం చేశావో నాకు తెలుసు. నాకూ పిల్ల ఉంటే అదే చేద్దును. నాకూ ఉన్నాడు." ఒడి దులుపుకుంది. నెత్తురు దులిపితే పోలేదు. "నేనేం చేస్తానో నాకే తెలీదు పిల్లా. పద బయటికి. వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

బయట ఎండ తెల్లగా ఉంది, వెచ్చదనం లేదు. శవాన్ని తెల్లటి కంబళి మీద పెట్టారు. జనం గుండ్రంగా నిలబడ్డారు. యాబగ ఒక పక్క, సాలుక్ ఒక పక్క. సాలుక్ వెనకాల అప్పుడే ఎవరో తోలుకొచ్చిన గొర్రెలు మూగి ఉన్నాయి. అతను వాటి వైపు చూడటం లేదు.

జిలూ మోకాళ్ళ మీద కూర్చుని ముఖం ఎత్తింది. బర్గూ అవ్వ నడుము నుంచి చిన్న కత్తి తీసి, ఎడమ చేత్తో ఆమె గడ్డం పట్టుకుంది. ఇన్నాళ్ళలో ఎందరికో ఆ పని చేసిన చెయ్యి. ముసలి కళ్ళు రెండూ ఆమె కళ్ళలోకి చూస్తున్నాయి. జిలూకి ఒక్క క్షణం, ఈ కత్తి గొంతు మీదికి దిగితే బాగుండును అనిపించింది. అప్పుడు ఎవరూ ఏమీ అడగరు. వెంటనే షిరె గుర్తొచ్చి ఆ కోరికను మింగేసింది.

కత్తి ఎడమ చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా దిగింది. లోతుగానే దిగింది. కుడి చెంప మీద కూడా అదే కోత. నెత్తురు పెదాల మీదికి వచ్చి ఉప్పగా తగిలింది. కన్నీళ్ళు దానిలో కలిసి గడ్డం నుంచి కారి నేల మీద పడ్డాయి. అవ్వ వంగి, ఎవరికీ వినపడకుండా ఆమె చెవిలో, "నా కొడుకు కోసం ఏడువు. సరిగ్గా ఏడువు" అంది.

జిలూ నేల మీద పడి ఏడ్చింది. గుంపులో ఆడవాళ్ళంతా ఆ ఏడుపు విని, మొగుడంటే ఇంత ప్రేమా అని కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో, తుగెన్ అదృష్టవంతుడు అన్నారు.

ఆ తర్వాత పెద్దావిడ కత్తి తుడిచి ఒరలో పెట్టుకోవాలి. అప్పుడు మగవాళ్ళు శవాన్ని ఎత్తాలి. మోసేవాళ్ళు ముందుకు వచ్చి వంగారు కూడా. బర్గూ అవ్వ కత్తి తుడవలేదు. అలాగే పట్టుకుని కంబళి మీది మనిషిని చూస్తోంది.

"అయిపోయింది అవ్వా, పక్కకు రా," అన్నాడు యాబగ, మర్యాదగానే.

"ఇంకా కాలేదు."

ఆమె కత్తిని తన చెంపకు ఆనించుకుంది. ఎవరికీ అర్థమయ్యేలోపే కోసుకుంది. ముడతలు పడ్డ చర్మం మీద నెత్తురు తిన్నగా కారలేదు, మడతల్లో ఆగుతూ పక్కకు పాకింది. రెండో చెంప కూడా కోసుకుంది. కొడుకును గుర్తుపట్టాక కూడా ఆమె కంట్లో రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి.

ఏడుస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. గొర్రెల అరుపు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. ఆ ఇంటివాళ్ళు కానివాళ్ళు చెంపలు కోసుకోకూడదు. కోసుకుంటే పోయినవాడికి తోవ తప్పుతుంది. ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. జిలూ నేల మీద నుంచి తల ఎత్తింది. సాలుక్ ఒకసారి శవాన్ని, ఒకసారి అవ్వను చూశాడు. అతని కమిలిన ముఖంలో ఏదో అనుమానం మెల్లగా కదలటం మొదలుపెట్టింది. కంబళి వైపు ఒక అడుగు వేసి, అంగీ చేతుల దగ్గర చూపు నిలిపాడు.

యాబగ గొంతులో మర్యాద పోయింది. "ఇంటివాళ్ళు తప్ప ఇంకొకరు ముఖం కోసుకోరు. ఇన్నేళ్ళు కత్తి పట్టినదానివి, నీకు నేను చెప్పాలా? చెప్పు. ఈ మనిషి నీకేమవుతాడు?"

బర్గూ అవ్వ పెదాలు కదిలాయి. అంతలో షిరె, నెత్తురు కారుతున్న అమ్మ ముఖం చూసి బెదిరిపోయి, ఆ గుంపులో తనకు చనువున్న ఇంకొక మనిషి దగ్గరికి పరిగెత్తింది. వెళ్ళి అవ్వ అంగీలో ముఖం దాచుకుంది. అవ్వ చెయ్యి గాలిలో ఆగిపోయింది. కత్తి ఇంకా ఆ చేతిలోనే ఉంది. తల వంచి ఆ చిన్న తలను చూసింది.

"ముందు ఈ పిల్లను ఎవరైనా లోపలికి తీసుకుపోండి," అంది. "తర్వాత చెబుతాను."